మామగారి మీద వేసిన నింద

నేను చదివింది నాలుగో తరగతి. అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నా, ఇక్కడి డాక్టర్ మాటలు మనవరాలు చెబితేనే నాకు తెలిసేవి. మా ఆయన మెడలో గడ్డ లింఫోమా అనే క్యాన్సర్ అనీ, అందులోనూ వేగంగా పెరిగే రకమనీ తేలింది. గడ్డలోంచి తీసిన ముక్కను జీన్ పరీక్షకు పంపితే, రెండు జీన్లు మారిపోయాయని రిపోర్టు వచ్చింది.

జీన్ అంటే వంశంలో వచ్చేదని టీవీలో విన్నాను. మా మామగారు పోయింది కూడా మెడలో గడ్డతోనే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, ఇక మనవరాలికీ వస్తుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు ఫోన్ చేస్తే "మీ బావగారికి జలుబు" అన్నాను. పిల్లకు తల దువ్వినప్పుడల్లా మెడ తడిమి చూసేదాన్ని.

"చక్కిలిగింతలు అమ్మమ్మా" అనేది.

డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజు ఇంటి నుంచే ఉప్మా పట్టుకెళ్లాను. రిపోర్టు ఇలా ఉంటే మామూలు మందుకు జబ్బు సరిగా లొంగదట, లొంగినా తిరగబెడుతుందట. ఇంకా గట్టి మందు ఎక్కించాలి, ప్రతి విడతకూ ఐదు రోజులు ఆస్పత్రిలోనే ఉండాలి. ఇదంతా చెప్పి మనవరాలు, "ఇంకేమన్నా అడగాలా అమ్మమ్మా?" అంది.

అడగాల్సిందేమో ఒకటుంది. దాన్ని ఆ పిల్ల నోటితోనే అడిగించాలి. ఉప్మా డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాను.

"ఇది నీకు వస్తుందా అని అడుగు."

అది నా వంక చూసి, అడిగింది. డాక్టర్ తల అడ్డంగా ఊపి చాలాసేపు చెప్పాడు.

"రాదంట. తాతయ్య పుట్టినప్పుడు ఇది లేదు. తర్వాత ఆ గడ్డలోనే చేంజ్ అయింది. అమ్మకి రాదు, నాకు రాదు."

"మీ నాన్నగారి నుంచి వచ్చిందేమో అనుకున్నానండీ" అన్నాను పక్కనే కూర్చున్న మా ఆయనతో.

"అందుకా మూడు వారాల నుంచి నాకు నీళ్ల మజ్జిగ పోస్తున్నావు?"

"మజ్జిగ ఎప్పుడూ అంతే. పాలు ఊరికే వస్తున్నాయా?"

పిల్ల కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఇంటికి రాగానే చెల్లెలికి నేనే ఫోన్ చేశాను. "జలుబు తగ్గిందా అక్కా?" అంది. "జలుబు కాదే" అని మొదలుపెట్టాను.

ఆరు విడతలూ అయ్యాయి. ఆయన జుట్టంతా ఊడింది. మొన్నటి స్కాన్‌లో గడ్డ కనబడలేదు, కానీ ఇంకొన్నాళ్లు కనిపెట్టి చూడాలట. ఇప్పుడు ఆయన మజ్జిగ కాస్త చిక్కగా చేస్తున్నాను. జుట్టు మొలిచేదాకానే అని ముందే చెప్పాను.