సైదమ్మ కలిపిన రోజు

దాచేపల్లిలో మా పక్కింటి సైదమ్మ పొద్దున్నే వంట ముగించి, వసారాలో నాపరాళ్ల మీద సుద్దముక్కతో లెక్కలు చేస్తూ కూర్చుంటుంది. ఒక మోకాలు ముడుచుకుని, లెక్కలో ఒక్కో మెట్టూ పైకి చదువుకుంటూ రాస్తుంది. గొంతులో ఎక్కువా తక్కువా ఉండదు. గాజుల్లేని చేతికి మోచేతి దాకా సుద్దపొడే. నిరుడు మొగుడు క్వారీలో రాయి మీదపడి చనిపోయిన దగ్గర్నుంచి ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు, నవ్వగానూ చూడలేదు. ఎనభై అయిదు మార్చిలో టెన్త్ రాస్తే లెక్కలొక్కటే తప్పింది. సెప్టెంబరులోనన్నా పాసైతే అంగన్‌వాడీ ఉద్యోగం, లేకుంటే తనూ ఆ క్వారీకే.

నేను వీధిబడిలో చదివినా ఎనిమిదో తరగతిలో తాలూకా ఫస్టు వచ్చినవాణ్ణి, మా వీధిలో ఎందరినో లెక్కల్లో గట్టెక్కించినవాణ్ణి. సైదమ్మకూ నేనే చెబుతున్నాను. మొన్న ఒక లెక్క ఇచ్చాను: ఎనిమిది మంది పది రోజుల్లో చేసే పనిలో నాలుగు రోజులయ్యాక ఇద్దరు పోయారు, మిగతా పనికి ఎన్ని రోజులు పడుతుంది? మెట్లన్నీ సరిగ్గా వేసి, ఎనిమిది తెచ్చి, దానికి ఒకటి కలిపి తొమ్మిదంది.

"ఆ ఒకటి ఏందమ్మాయ్? యాడ్నుంచి పట్టుకొచ్చావ్?"

"ఇద్దరు పోయారన్నావుగా మామయ్యా. ఆ రోజు క్వారీలో ఎవురూ సమ్మెట ముట్టరు."

"ఓసి పిచ్చిదానా, పోయారంటే పని మానుకున్నారని!"

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

"సరే, పరీక్షలో అట్టాగే రాస్తాలే" అని ఆ ఒకటిని బొటనవేలితో రుద్దేసి, తర్వాత లెక్క చెప్పమంది.