కర్త లేని వాక్యం

తారామణి పుట్టి పెరిగింది కాకినాడలో. మౌలాలిలో రైల్వే ఇంజినీరుగా పనిచేసే సుబ్రహ్మణ్యాన్ని పెళ్లి చేసుకుని హైదరాబాదు వచ్చింది. ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ, బయాలజీ పరిశోధక విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పడం ఆమె ఉద్యోగం. సైన్సు తనకు రాదని మొదటి క్లాసులోనే చెప్పేస్తుంది. "నాకు అర్థమయ్యేలా రాయండి చాలు. లోకానికి అర్థమైనట్టే" అంటుంది.

ఆ రోజు పాఠం కర్మణి వాక్యాలు. సైన్సు పేపర్లలో "నేను చేశాను" అనరు, "చేయబడింది" అంటారు. ఒక్కొక్కరు తమ పేపర్లోంచి ఒక వాక్యం బోర్డు మీద రాసి, దాన్ని కర్త కనపడేలా తిప్పి రాయాలి.

హరిత లేచింది. నాచారంలో ఉంటుంది. వాళ్లమ్మ మల్లవ్వ అక్కడే మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. చకచకా ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాసింది హరిత. తెలుగులో చెప్పాలంటే: "ఎలుకలు బలి ఇవ్వబడ్డాయి."

ఆ మాట తారామణి ఇదివరకు పిల్లల పేపర్లలో చాలాసార్లు చూసింది. ఏదో ల్యాబ్ భాష అనుకుని, పక్కనున్న కామా సరిచేసి వదిలేసేది. ఇవాళ మాత్రం నవ్వొచ్చింది.

"ఏ దేవుడికమ్మా?"

క్లాసంతా గొల్లుమంది.

"దేవునికి కాదు మేడమ్. గట్లనే రాస్తరు. మత్తిచ్చి చంపి, లివర్ తీస్తం."

తారామణి నవ్వు ఆపేసింది. ఇన్నాళ్లూ తను కామాలు దిద్దింది దీనికా? "సరే, తిప్పి రాయి" అంది.

హరిత "నేను" అని రాసి ఆగింది. మార్కర్ కదల్లేదు.

"నేనే మేడమ్," అంది, బోర్డు వైపే చూస్తూ. "పోయిన వారం. ఒకదానికి మత్తు సరిగ్గ ఎక్కలే. నా చేతులల్లనే కొట్టుకున్నది."

ఎవరూ నవ్వలేదు. హరిత మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తారామణి ఆ పిల్లను బయటికి తీసుకెళ్లి నీళ్లు తాగించింది.

అట్నుంచి అటే తారామణి, హరిత పరిశోధనకు గైడ్ అయిన బసవరాజు గదికి వెళ్లింది. ఇంగ్లిష్ టీచరుకు ల్యాబ్‌తో ఏం పని అంటాడేమో అనుకుంది. విషయం వినగానే ఆయన చేతిలో కాగితాలు పక్కన పెట్టేశాడు.

"మత్తు ఎక్కలేదా? నాకెవరూ చెప్పలేదు కదండీ! అంతా సక్రమంగా జరిగినట్టే రాసిచ్చారు."

ఆ సాయంత్రమే ఎలుకలతో చేసే పనులన్నీ ఆపించాడు. అందరికీ మళ్లీ మొదట్నుంచి నేర్పించాకే ఎలుకల గది తలుపు తెరిచారు. హరిత మాత్రం అటు పోలేదు. గాజు పళ్లేల్లో కణాలు పెంచే పనికి మారింది. పరిశోధన ఒక ఏడాది వెనక్కి పోయింది.

ఆ సంగతి తెలిసి మల్లవ్వ ఫ్యాక్టరీ డ్రెస్సులోనే యూనివర్సిటీకి వచ్చింది.

"ఏం జెప్పిన్రు మేడమ్ మా పిల్లకు? ఒక ఏడు ఎనకవడ్డదంట!"

తారామణి కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పింది. మల్లవ్వ వింటూ వింటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నం ముట్టకపోతుండె. ఎవనితోనో తిరుగుతున్నదనుకున్న మేడమ్. రెండు దెబ్బలు గూడ ఏసిన. గింత బాధ మోస్తున్నదని నాకేం ఎరుక?"

మల్లవ్వ లేచి, కూతురుండే ల్యాబ్ ఎటువైపో అడిగింది. తారామణి వెంట వెళ్లి చూపించింది. తలుపు అద్దంలోంచి హరిత తెల్ల కోటులో, వంగి పని చేసుకుంటూ కనపడింది. మల్లవ్వ తలుపు కొట్టలేదు. బిడ్డ తనంతట తాను బయటికి వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.