నాయిన చదును చేసిన బాట

తిమ్మాజిపేట రోడ్డు మీద బస్సు దిగి మా వాడకు రావాలంటే చేల మధ్య బండ్లబాట పట్టాలి. పేరుకే అది బాట. వానాకాలం బురద, తక్కిన కాలమంతా గుంతలు. మా నాయిన వయసులో ఉన్నన్నాళ్లూ మట్టి పనికి దేశాలు పట్టుకు తిరిగాడు. కాలువలు తవ్వాడు, ఎవరెవరి ఊళ్లకో రోడ్లు పోశాడు. సొంత ఇంటికి మాత్రం బాట లేదు. ఆ మాట ఎత్తిపొడిచి నవ్వే హక్కు ఇంట్లో అమ్మ ఒక్కదానికే ఉండేది.

ఆ ఏడు అమ్మకు జబ్బు ఎముకల్లోకి పాకింది. హైదరాబాదు దవాఖానకు బయలుదేరిన రోజు ఆటోలో ఆమె తల నా ఒడిలో ఉంది. గుంత వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని పళ్లు బిగబట్టేది. రోడ్డెక్కాక, "ఈ గుంతలు లేకుంటే నేను మంచిగనే ఉన్న బిడ్డా" అంది. నాకు నవ్వు రాలేదు. ముందు సీట్లో కూర్చున్న నాయిన వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మ దగ్గర తమ్ముడు ఉండిపోయాడు. నాయినకు ఇంత వండిపెట్టడానికి నేను ఇంటికి వచ్చాను. క్రిస్మస్‌కు ముందే అమ్మను పంపిస్తామని డాక్టర్లు చెప్పారు.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు మాకు ఆగమన కాలం. మొదటి ఆదివారం చర్చిలో ఏటా చదివే యెషయా ప్రవక్త మాటలే చదివారు. ప్రభువు వస్తున్నాడు, ఆయనకు దారి సిద్ధం చేయండి, లోయలు పూడ్చండి, మిట్టలు అణచండి అని. నాయినకు చదువు రాదు. చెవిన పడ్డది మాత్రం వదిలిపెట్టడు. ఆ సాయంత్రం ఇంట్లో నాతో మళ్లీ చదివించుకున్నాడు. అయిపోయాక ఇంకోసారి చదవమన్నాడు.

"ఇది మట్టి పనోళ్లకు చెప్పిన మాటనే బిడ్డా" అన్నాడు చివరికి.

తెల్లవారి పార, గడ్డపార, తట్ట, మట్టి అణిచే దిమ్మిస బయటికి తీశాడు. గుట్ట కింద మొరం మట్టి తవ్వి నెత్తిన మోసుకొచ్చేవాడు. గుంతలో ఒక పొర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆరనిచ్చి, ఆపైన ఇంకో పొర. అంతా ఒకేసారి నింపితే కుంగిపోతుందట. అవి పత్తి ఏరే రోజులు. పత్తి లోడుతో ట్రాక్టరు పోయిందంటే కొట్టిన చోటల్లా గాడి పడేది. ట్రాక్టరువాళ్లను నేను నోటికొచ్చినట్టు తిట్టాను. నాయిన మాత్రం మళ్లీ మొదటి పొర నుంచి మొదలుపెట్టేవాడు.

ఏసయ్య ఈసారి ఆటోలో వస్తున్నాడా అని వాడలో పరాచికాలాడారు. పాస్టరుగారు కూడా ఒకరోజు బండి ఆపి, ఆ వాక్యం గుండెను చదును చేసుకోమని చెబుతోందని విడమరిచి చెప్పారు. నాయిన దిమ్మిస పక్కన పెట్టాడు.

"గుండె సంగతి దేవునికి తెలుసు అయ్యగారూ. బండి కుదిపితే ఆమెకు నొప్పయితది. గది నాకు తెలుసు."

పాస్టరుగారు బండి దిగారు. నిండిన తట్ట నాయిన నెత్తికెత్తి వెళ్లిపోయారు.

నాకైతే దేవుని మీదే కోపంగా ఉండేది. అంత పైనుంచి దిగి వచ్చేవాడికి మా గుంతలు ఒక లెక్కా, వచ్చేదేదో ముందు దవాఖానకు పోయి ఆమె ఎముకలు బాగుచేస్తే పోలేదా అని నాయినతో అన్నాను. ఆయన తాగడానికి నీళ్లు అడిగాడు.

మూడో ఆదివారం నాటికి బాట మా వాకిలి దాకా వచ్చింది. పక్కింటివాళ్ల ఆటోలో నన్ను కూర్చోబెట్టి, చెంబు నిండా నీళ్లు పోసి నా ఒడిలో పెట్టాడు. రోడ్డు నుంచి ఇంటి దాకా నా చీర తడవలేదు. నాయిన నవ్వాడు. అమ్మ పోయాక ఇంట్లో ఆయన నవ్వు వినడం అదే మొదలు అని ఇప్పుడు రాయబోయి ఆగాను. అప్పటికి ఆమె పోయింది దవాఖానకే. ఆ సాయంత్రమే ఇంటి ముందు కాగితపు నక్షత్రం కట్టాం.

నాలుగో ఆదివారం రాకముందే ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. తెల్లవారుజామున అమ్మ చనిపోయింది.

మధ్యాహ్నం అంబులెన్సు కొత్త మొరం మీద మెల్లగా వచ్చి నక్షత్రం కింద ఆగింది. అందరం వెనక తలుపు దగ్గరికి ఉరికాం. నాయిన డ్రైవరు దగ్గరికి పోయాడు.

"ఏడనన్న కుదిపిందా కొడుకా?"

డ్రైవరు వెనక్కి ఒకసారి చూసి, లేదు పెద్దాయనా, మీ బాట మంచిగుంది అన్నాడు. నాయిన తల ఊపాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంట మాత్రం చుక్క రాలేదు.

మా సమాధుల తోట వాడకు అవతలి వైపు, వాగు దగ్గర. ఆ వైపు బాటను నాయిన ముట్టుకోలేదు. అమ్మ ఇంటికి వస్తుందనే అనుకున్నాడు గాని, ఇంట్లోంచి పోతుందని అనుకోలేదు. మరునాడు పెట్టె మోసేవాళ్లలో ఒకరి కాలు గుంతలో దిగబడి, పెట్టె ఒక పక్కకు ఒరిగింది. నాయిన ముందుకు ఉరికి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. అప్పుడు బయటపడింది ఏడుపు.

"మెల్లగ బిడ్డా, మెల్లగ. ఇటు దిక్కు నేనింకా మొరం పొయ్యలే."