కత్తిరి రానీ అన్న బావ

మా బావ పోయి నెల దాటింది. ఉగాది వెళ్లిన వారంలో, తిరుచానూరులో వాళ్లింట్లోనే, పొద్దున కాఫీ తాగి పేపరు అందుకోబోతూ కూలబడ్డాడు. "మీ బావ లేస్తా లేడురా" అని మాత్రమే అంది అక్క ఫోనులో. నేను చిత్తూరు నుంచి వెళ్లేసరికే అంతా అయిపోయింది.

బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పిచ్చి మాత్రం కంప్యూటర్లది. ప్రాసెసర్‌ను మామూలు వేగానికి మించి పరిగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. పరిగెత్తేకొద్దీ అది వేడెక్కుతుంది. ఆ వేడిని లాగే కూలర్ ఎంతదాకా తట్టుకుంటుందో తేల్చడమే ఆయనకు పండగ. నేను పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి బతికేవాణ్ణి. ఎండాకాలంలో నా కంప్యూటర్ పని మధ్యలో ఆరిపోతుంటే ఆయనే నాకు దిక్కు.

ఏ కూలర్ వచ్చినా కత్తిరిలోనే పరీక్ష. కత్తిరంటే మా వైపు ఎండలు నిప్పులు చెరిగే రోజులు. అదీ మిట్టమధ్యాహ్నం, మిద్దె మీది రేకుల గదిలో. "ఏసీ గదిలో బాగుండాదంటే అది ఏసీ గొప్పప్పా, కూలర్‌ది కాదు. మన ఎండకు నిలబడాల కదా" అనేవాడు. తడి తుండుగుడ్డ తల మీద వేసుకుని, తెర మీద డిగ్రీలు చూస్తూ కూర్చునేవాడు. వేగం కాస్త పెంచడం, ఆగడం, మళ్లీ పెంచడం. అంకె హద్దు దాటితే టక్కున ఆపేసేవాడు. "దానికి నోరు లేదబ్బా. సెగే దాని మాట. మనమే ఇనుకోవాల."

"ఆ పెట్టెకేమో ఫ్యాను, మీకేమో తడిగుడ్డ. బాగుండాది సంబడం" అని అక్క సణిగేది.

అలా సణుగుతూనే, ఒక ఏడు కొత్త వస్తువని కూలర్‌కు చందనం, కుంకుమ పెట్టింది. పెట్టింది ఎక్కడంటే, ప్రాసెసర్‌కు ఆనుకోవాల్సిన రాగి పలక మీద. కళ్లజోడు కింద మరిచి వచ్చిన బావ చూసుకోకుండా దాని మీదే, వేడిని కూలర్‌కు దాటించే పేస్టు పూసి బిగించేశాడు. మామూలు వేగానికే వేడి చుక్కలనంటింది. కూలర్ చేసినవాళ్లను నోరారా తిట్టి, చివరికి విప్పి చూస్తే చందనం పెళ్ల. ఇక అక్కకు మూడిందనుకున్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. "దేవుణ్ణి నడిమధ్యన కూర్చోబెడితే సెగ యాడికి పోతాది? పక్కన పెట్టు తల్లీ, పక్కన!" అప్పటి నుంచి బొట్టు ఫ్యాను అంచుకే.

ఈసారి నా కోసమే పెద్ద కూలర్ తెప్పించాడు. బిగించేయమని తొందరపెట్టాను. "కత్తిరి రానీ. తేలనిదాన్ని నీకియ్యను" అన్నాడు. అప్పటికే మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. రొమ్ము రుద్దుకోవడం చూసి డాక్టరు దగ్గరికి పదమని అక్క బతిమాలింది. "కత్తిరి పోనీ, సూపించుకుంటా" అన్నాడు. ప్రాసెసర్ ఒక్క డిగ్రీ పెరిగితే కుర్చీలోంచి లేచే మనిషి! తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపమే వస్తోంది.

ఆయన పోయాక ఆ రేకుల గది తలుపు తీయొద్దన్న అక్కే, మొన్న కత్తిరి మొదలవగానే ఫోన్ చేసింది. "ఆయన తేల్చకుండా పోయింది అదొకటే. వచ్చి తేల్చిపోరా."

వెళ్లాను. పేస్టు పూస్తుంటే చందనం గిన్నెతో గుమ్మంలో నిలబడింది. ఈసారి కుంకుమ లేదు. "పక్కనే కదా పెట్టమనింది ఆయన?" అని అడిగి, అంచుకు అద్దింది. ఆయన చేసినట్టే వేగం కాస్త కాస్త పెంచుతూ పోయాను. అంకె ఎక్కి ఎక్కి, హద్దుకు ఇవతలే ఆగింది.

"నిలబడిందా?"

"నిలబడిందక్కా."

మేకుకు వేలాడుతున్న తుండుగుడ్డ ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంది. అక్క దాన్ని తీసి బకెట్లో ముంచి పిండింది. అలవాటుగా కుర్చీ వైపు రెండడుగులు వేసి, ఆగిపోయింది. కాసేపటికి ఆ గుడ్డను ఖాళీ కుర్చీ వీపు మీద పరిచి కిందికి వెళ్లిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. గుడ్డ నుంచి జారిన చుక్కలు నేల మీద పడినవి పడినట్టే ఆరిపోతున్నాయి.