పొగాకు బ్యారన్‌లో డప్పు రికార్డింగు

ఒక్క గడ్డిపోచ కూడా కాలకుండా ఊరు ఊరంతటినీ నీళ్ళ బిందెలతో పరిగెత్తించిన ఘనుడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు గుండె ఝల్లుమంటుంది. మీరు మాత్రం నిక్షేపంగా నవ్వుకోవచ్చు. ఆ సంగతి చెప్పుకుని నవ్వకుండా మా ఊళ్ళో ఇంతవరకూ ఒక్క పెళ్ళి భోజనం కూడా ముగియలేదు.

ఎనభైల నాటి మాట. అశ్వారావుపేట దాటాక అడవి అంచున మా ఊరు. మా నాన్న కోస్తా నుంచి వచ్చి అక్కడ పొగాకు సాగు పెట్టారు. నేను డిగ్రీ తప్పి రేడియోలు విప్పడం నేర్చుకుంటున్నాను. విప్పడమే సుమండీ, బిగించడం దాకా ఇంకా రాలేదు.

ఆ వేసవిలో రేడియోలో ఒక ప్రకటన వచ్చింది. పల్లె వాద్యాల దళాలు తమ వాయింపును క్యాసెట్‌లో పంపిస్తే, బాగున్నవాళ్ళను స్టేషనుకు పిలుస్తారట. మా ఊళ్ళో డప్పు అంటే ముత్తయ్యే. ఆయనా, ఆయన దళంలో నలుగురూ కొడితే ముసలివాళ్ళకు కూడా కాళ్ళు నిలవవు. ప్రకటన విన్న మర్నాడే ముత్తయ్య మా ఇంటికొచ్చాడు.

"బాబూ, నీకు మిషిన్లు ఎరుక గద. మా డప్పు జర టేపుల పట్టియ్యి. తిరుమలాయపాలెంల ఇచ్చిన మా బిడ్డ, మూడేండ్లాయె నా డప్పు ఇనక. రేడియోల వస్తే ఇంటది."

ఇంట్లో మంచి టేపు రికార్డరు ఉంది. బటను నొక్కితే అయిపోయేది. కానీ కుడితిలో పడ్డ ఎలుకకైనా బయటికి రావాలని ఉంటుంది గానీ, నాకు ఇంకా లోతుకు పోవాలని ఉండేది. రికార్డింగంటే బటను నొక్కడం కాదనీ, మైకు పట్టిన సన్నటి ధ్వనిని టేపుకు సరిపడా పెంచడానికి ప్రీయాంప్ అనే పెట్టె కావాలనీ ముత్తయ్యకు అరగంట బోధించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. బిడ్డ వినాలి కదా మరి.

ప్రీయాంపులు రెండున్నాయి. ఒకటి సత్తుపల్లి మైకు సెట్టు కొట్టులో కిరాయికి దొరికేది, రాయిలా గట్టిది. రెండోది పత్రికలో బొమ్మ చూసి నేనే సబ్బు డబ్బాలో అతికించినది. బుద్ధున్నవాడు ఏది ఎంచుకుంటాడో మీకు తెలుసు. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి, నేను సబ్బు డబ్బానే ఎంచుకున్నాను.

మొదటి రికార్డింగు మా నడింట్లో జరిగింది. ముత్తయ్య పుల్ల తగలగానే మీటరు ముల్లు ఆ చివరికి పోయి అక్కడే కూర్చుంది. తిరిగి వేసి వింటే బర్రుమంటూ మూకుట్లో జొన్నలు పేలినట్టు వినబడింది. తప్పు నా డబ్బాది కాదు, మైకు పెట్టిన చోటుదని తేల్చేశాను. మైకును మంచం కింద పెట్టాను. బియ్యం డ్రమ్ములో వేలాడదీశాను. చివరికి ఖాళీ జాడీ కదా అని ఆవకాయ జాడీలో దింపాను. అది చూసి మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంకో చిక్కు డప్పుతోనే వచ్చింది. దాని తోలు వేడి తగ్గితే సడలిపోతుంది. పది నిమిషాలకోసారి ఐదుగురూ వాకిట్లోకి పోయి, గడ్డి మంట మీద కాచుకుని రావాలి. వాళ్ళు వచ్చేసరికి నిలబడే చోటు మారుతుంది. నేను మళ్ళీ కొలత టేపుతో మైకు దూరాలు కొలవాలి. అలా నాలుగు రోజులు గడిచాయి. శనివారం పోస్టులో పడకపోతే క్యాసెట్ గడువుకు అందదు. శుక్రవారం పొద్దున నాకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది.

మా పొగాకు బ్యారన్ చూశారా? పచ్చి ఆకును ఆరబెట్టే ఎత్తయిన ఇటుక గది. బయట పొయ్యిలో కట్టెలు వేస్తే, లోపల నేల మీది ఇనుప గొట్టాల గుండా వేడి తిరుగుతుంది. తలుపు బిగిస్తే బయటి చప్పుడు లోపలికి రాదు. ఆకు కాలం అయిపోయి అప్పుడది ఖాళీగా ఉంది. సన్నగా పొయ్యి రాజేసి లోపల కొడితే డప్పులు సడలవు, ప్రతిధ్వని ఉచితం. పైగా నాన్న ఆ రోజు పొగాకు వేలానికి వెళ్ళారు.

ముత్తయ్య తల గోక్కున్నాడు. "ఎండకాలంల బ్యారన్ల పొగ లేస్తే ఊరు ఊకుంటదా బాబూ?"

శాస్త్రం సంగతి నీకేం తెలుసన్నాను.

"శాస్త్రం నాకెర్కలేదు. ఊరు ఎర్క," అన్నాడాయన. అయినా పాపం, వచ్చాడు.

చెప్పులు తలుపు బయట విడిచి ఆరుగురం లోపలికి పోయాం. మైకును పై దూలానికి తాడు కట్టి నా చెవి పక్కన వేలాడేలా దించాను. రికార్డరునూ సబ్బు డబ్బానూ వేడి తగలకుండా రేకు డబ్బాలో దాచాను. డప్పులు మొదలయ్యాయి. ఆ మోతకు నాకు ఒళ్ళు పులకరించింది. చెమటకు చొక్కా తడిసింది కూడా.

బయట ఏం జరిగిందో తర్వాత చెప్పారు. నేను పొయ్యిలో వేసినవి పచ్చికట్టెలు. పొగ తాటిచెట్టంత ఎత్తున లేచింది. లోపలి నుంచి డప్పుల మోత వస్తోంది. మా వైపు నిప్పంటుకుంటే ఊరికి చెప్పేది డప్పుతోనే. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, మా ఊళ్ళో పొగ వచ్చిందంటే ఊరే వస్తుంది. బ్యారన్ పక్కనే పూరిళ్ళు, పైగా వడగాలి. అంతలో అమ్మ తలుపు ముందు నా చెప్పులు చూసింది.

లోపల నేను కళ్ళు మూసుకుని చేత్తో తాళం వేస్తున్నాను. పైకప్పులో ఒక రేకు ఊడింది. ఒక్కసారిగా వెలుగు, ఆ వెనకే నెత్తిన బిందెడు నీళ్ళు. ఆపైన ఇంకో బిందె. ఆ తర్వాత లెక్క తప్పింది. పైకప్పు మీంచి పక్కింటి సుబ్బయ్య మామ తొంగిచూసి, "లోపల మనుషులున్నారు, బతికే ఉన్నారు," అని బయటికి అరిచాడు. మేము చచ్చిపోయామని ఎవరనుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఇంతలో క్యాసెట్ ఒక వైపు అయిపోయి టక్కుమంది. మీరు నమ్మరు, ఆ నీళ్ళలో, ఆ గోలలో నేను చేసిన పని క్యాసెట్ తిప్పి వేసి మళ్ళీ రికార్డింగు ఎర్ర బటను నొక్కడం. అలవాటు.

తలెత్తితే గుమ్మంలో నాన్న. బస్సు దిగుతూనే పొగ చూసి పరిగెత్తుకొచ్చారట, కాళ్ళకు చెప్పుల్లేవు. ఆయన్ను చూసి ఊరంతా గప్‌చుప్. ఆయన నా తల, భుజాలు, చేతులు తడిమి చూశారు. అన్నీ ఉన్నాయని నిర్ధారించుకున్నారు. అప్పుడు ఒక్కటి పీకారు. ఆ చప్పుడు బ్యారన్ నాలుగు గోడలకూ తగిలి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆ తర్వాత ఆయనే వంగి రికార్డరు ఆపేశారు.

మొదటి వైపు వేసి వింటే అంతా బర్రు. డప్పులు తడిసి గోనెపట్టాల్లా వేలాడుతున్నాయి. "ఇగ మా బిడ్డ ఏమింటది లే బాబూ," అన్నాడు ముత్తయ్య. చెంప మంట కన్నా అదే ఎక్కువ మండింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న ఆ మాట విన్నారు. తెల్లవారేసరికి డప్పులు కాచుకుని చేనులోకి రమ్మన్నారు. నా సబ్బు డబ్బాను నా చేతికే ఇచ్చి దూరంగా కూర్చోమన్నారు.

"మైకు ఎక్కడ పెట్టాలి ముత్తయ్యా?" అని అడిగారు.

"గంత దూరం పెట్టుండ్రి పెద్దయ్యా. పెండ్లిల జనం నిలబడి ఇనే కాడ."

నాలుగు రోజులు నేను కొలిచిన దూరాలన్నీ ఆ ఒక్క మాటతో వ్యర్థమైపోయాయి. నాన్న ఎర్ర బటను నొక్కారు. పది నిమిషాల్లో పని ముగిసింది. వినడానికి టైము లేదు, మొదటి బస్సుకే అందించాలి. క్యాసెట్ మీద 'రెండో వైపు వినగలరు' అని నేనే రాశాను. దాన్ని మొదటికి తిప్పకుండా, ముందురోజు ఆపిన చోటు నుంచే నాన్న రికార్డు చేశారన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

నెల తిరక్కముందే ఉత్తరం వచ్చింది. ముత్తయ్య దళం ఎంపికైందట. బిడ్డకు చెప్పి పంపాలని ఆయన అప్పుడే లేచాడు. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. నాన్నే పైకి చదివారు. "డప్పులకు ముందు ఒకే ఒక్కసారి వినిపించిన వాద్యం ఏమిటో తెలియలేదు గానీ, దాని నాదం అత్యంత స్పష్టంగా ఉంది. దానిని వాయించిన కళాకారుని కూడా తప్పక వెంట తీసుకురాగలరు."

నాన్న ఉత్తరం మడిచి, తన కుడి చేతిని చాలాసేపు చూసుకున్నారు.

"రాండ్రి పెద్దయ్యా," అన్నాడు ముత్తయ్య, నవ్వు పెదవి దాటకుండా. "ఆ వాద్యం గూడ ఎంట తెచ్చుకోవాలె మరి," అని నా వైపు చూశాడు.

కాబట్టి మహాజనులారా, తూర్పు ముఖంగా నిలబడి, తడి బట్టలతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ చప్పుడునూ రికార్డు చేయను. విధి వక్రించి చేయవలసి వచ్చినా, మైకుకూ మా నాన్న చేతికీ మధ్య నా చెంపను మాత్రం ఉండనివ్వను.