తల ఆరేదాకా

నర్సుగా ఎనిమిదేళ్లు పనిచేశాక పట్నంలో ఏడాదిపాటు బడిపిల్లల ఆరోగ్యం మీద ప్రత్యేకంగా చదువుకున్నాను. తిరిగి వచ్చి ఖమ్మం ఆఫీసులో సర్టిఫికెట్ చూపిస్తే గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బడి నర్సా? గసువంటి పోస్టు మన జిల్లాల లేదమ్మా."

"మరి నన్నెందుకు పంపిన్రు?"

"సీటు వచ్చింది, పంపినం."

భద్రాచలం వైపు ఒక దవాఖానాలో కాన్పుల వార్డులో వేశారు. చదివింది ఊరికే పోనివ్వబుద్ధి కాక, నెలకొక శనివారం సెలవు పెట్టుకుని, అడవి అంచున ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలకు బస్సులో వెళ్లేదాన్ని. అరవై మంది కోయ పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకునేవారు. హెడ్మాస్టరే వార్డెను. నేను వెళ్లగానే పిల్లల్ని వరుసగా నిలబెట్టి, నా ముందు ఒక రిజిస్టరు పెట్టేవాడు.

ఆ వరుసలో నాలుగో తరగతి పిల్ల ఒకతె ఉండేది. మాట్లాడేది కాదు. నా చేతి గడియారంలో సన్నముల్లు తిరగడం చూడటానికి రెండోసారి వచ్చి వరుసలో నిలబడేది.

వానాకాలంలో ఒక శనివారం. నా సంచిలో థర్మామీటరు ఒక్కటే ఉంది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పెడుతుంటే హెడ్మాస్టరు తొందరపెట్టాడు.

"గింతసేపైతే ఎట్ల సిస్టరమ్మా? బువ్వ చల్లారుతాంది. జల్దీ కానియ్యిన్రి."

థర్మామీటరు లోపల పెట్టేసి, ప్రతి నెలలాగే నుదుటి మీద చేయి ఆనించి చూస్తూ పోయాను. ఆ పిల్ల నుదురు చల్లగా ఉంది. జుట్టు తడిగా ఉంది.

"తానం చేసినవా? మంచిది," అన్నాను. తల ఊపింది.

ఆమె పేరుకు ఎదురుగా 'ఆరోగ్యం' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు ఆమె గడియారం కోసం రెండోసారి రాలేదు. అది గమనించాను కూడా. గమనించి, బస్సుకు టైమవుతోందని లేచాను.

మరుసటి నెల వెళ్లేసరికి ఆ పిల్ల లేదు. నేను చూసిన మర్నాడే జ్వరంతో పడిపోతే, సోమవారం ఇంకో పిల్లను తోడిచ్చి ఇంటికి పంపారట. వాగు దాటి నాలుగు గంటల నడక. ఇల్లు చేరిన రెండో రోజు చనిపోయింది. జ్వరం వస్తే ఇంటికి పంపడం ఆ బడి పద్ధతి. పిల్ల బడిలో చనిపోతే విచారణ ఉంటుంది. ఇంట్లో చనిపోతే సెలవు కింద రాస్తారు.

"మనకేం భయం లేదు సిస్టరమ్మా," అన్నాడు హెడ్మాస్టరు. "ఇంటికాడ పోయింది, బడిల కాదు. మీరు ఆరోగ్యమని రాసిన్రు. గదే మనల్ని కాపాడింది."

పై ఆఫీసుకు పంపిన కాగితం నకలు చూపించాడు. 'ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు పరీక్షించి ఆరోగ్యంగా ఉన్నట్లు ధ్రువీకరించినది' అని ఉంది. నా చదువును ఈ జిల్లాలో ఒక కాగితం మీద గుర్తించడం అదే మొదటిసారి. రిజిస్టరు ఇవ్వమన్నాను, నేను రాసింది తప్పని రాస్తానన్నాను. బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బోరింగు దగ్గర పళ్లేలు కడుగుతున్న పిల్లల పక్కన కూర్చుని, నేను చూసిన రోజే ఆమెకు జ్వరముందా అని అడిగాను. ఒక పిల్ల చెంబు కింద పెట్టి చెప్పింది.

"నువ్వు చెయ్యి పెట్టి చూస్తవు గదా. అందుకే జ్వరమొస్తే నెత్తిన నీళ్లు పోసుకుంటం."

"ఎందుకే?"

"ఇంటికి పొమ్మంటరు. జ్వరంల గంత దూరం కాళ్లు నడవయి." చెంబు మళ్లీ అందుకుంటూ అంది, "దాని నెత్తిన నేనే పోసిన."

నీ తప్పు కాదని చెప్పాను. నమ్మినట్లు లేదు.

ఏడాది చదువులో పళ్లు, కళ్లు, గోళ్లు, తామర, టీకాలు అన్నీ నేర్పారు. పిల్లను పరీక్షించే పద్ధతి రాయమంటే ఒక్క దశ కూడా వదలకుండా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పిల్ల తన జ్వరాన్ని మన చేతి నుంచే దాచుకోవలసి వస్తుందని ఏ పాఠంలోనూ లేదు. పుస్తకాలంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. ఆ పుస్తకాన్ని మాత్రం మళ్లీ తెరవలేదు. అయినా పుస్తకం ఏం చేస్తుంది? తడి జుట్టు నా వేళ్లకు తగిలింది. నేను మెచ్చుకున్నాను.

ఆ రోజు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, తలలు ఆరేదాకా ఎవరినీ లేవనివ్వలేదు. తర్వాత ఒక్కొక్కరికీ థర్మామీటరు పెట్టాను.

"బస్సు పోతది సిస్టరమ్మా," అన్నాడు హెడ్మాస్టరు.

"పోనియ్యిన్రి సారూ."

సగం మంది అయ్యేసరికి చివరి నుంచి ఒక చిన్నపిల్ల తనే లేచి వచ్చింది.

"నాకున్నది. ఇంటికి పంపరు గదా?"

హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"పంపరు," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు ఏ పోస్టూ లేదు, ఏ అధికారమూ లేదు. ఆఖరి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. హెడ్మాస్టరు గదిలో మంచం ఖాళీ చేయించి ఆ పిల్లను పడుకోబెట్టి, పక్కన కుర్చీ వేసుకున్నాను.