పేరు పెట్టి అడగలేదు

కొత్తగూడెంలో జిరాక్స్ షాపు పైనున్న గది మా ఆఫీసు. విదేశంలో, పిల్లలు కంప్యూటర్లో చూసే పాఠాలు తయారుచేసే కంపెనీకి బొమ్మలు గీసేవాళ్ళం. మేమంటే నేనూ, రిటైరైన డ్రాయింగు మాస్టరు మా సారూ. అవతలివాళ్ళ ముఖాలు ఎన్నడూ చూడలేదు. ఈమెయిళ్ళు, వారానికోసారి స్పీకరు ఫోను, అంతే పరిచయం.

అన్నాళ్ళూ వాళ్ళు చెప్పిందే గీశాం. అడవి మీద కొత్త పాఠం మొదలైనప్పుడు, ఆలోచనలు మీరూ చెప్పండని మెయిలొచ్చింది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మా అమ్మమ్మవాళ్ళది భద్రాచలం అవతల అడవిపల్లె. తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్ళు, కాస్త దూరంలో అవే పూలు తింటున్న ఎలుగుబంటి, ఎవరి పనిలో వాళ్ళు. ఆ బొమ్మ గీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా సొంత బొమ్మ ఒక్కటి పాఠంలోకి ఎక్కితే చాలనుకున్నాను.

ఆ వారం ఫోనులో కంపెనీ తరఫున మాట్లాడే ఆవిడ, ఎవరికైనా ఆలోచనలున్నాయా అని అందరినీ కలిపి అడిగింది. సారు ఫోను వంక చూస్తూ కూర్చున్నారు. మా వైపు పెద్దమనిషన్నవాడు పేరు పెట్టి అడిగితే తప్ప నోరు విప్పడు. సారు విప్పకుండా నేను విప్పకూడదు. ఆవిడ మళ్ళీ అడిగింది. ఇంకో దేశం నుంచి, మాలాగే వాళ్ళకు బొమ్మలు గీసే ఒకాయన అందుకుని గడగడా చెప్పుకుపోయాడు.

ఫోను పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెప్పలే సార్?"

"నన్ను అడగలే గదమ్మా. అడగకముందే మీదవడి ఎట్ల చెప్తం?"

ఆయన మీద గట్టిగా కోపం తెచ్చుకోవడమూ చేతకాలేదు. మా ఇంట్లో నాకు నేర్పిందీ ఆ పద్ధతే.

వారం తిరక్కుండానే మెయిలొచ్చింది. మాకు ఆలోచనల పని మీద ఆసక్తి లేనట్టుందట, ఇకమీదట గీతలు వాళ్ళవి, రంగులు మావి. చాలా మర్యాదగా రాశారు. జవాబు రాయడానికి సారు కూర్చున్నారు. ఏమని రాస్తారు, పేరు పెట్టి అడగలేదనా? రాసింది చెరిపేశారు.

రంగులు వేయమని వాళ్ళు గీసిన ఎలుగుబంటి వచ్చింది. మెడకు మఫ్లరు, చేతిలో ఐస్‌క్రీం. ఆ అడవిలో మనిషన్నవాడే లేడు. ఏ రంగు ఎక్కడ వేయాలో కూడా వాళ్ళే రాశారు. వేశాను.

తర్వాతి ఫోనుకు ముందు సారు, "ఈసారి నా మొకం సూడకు. అడగంగనే నువ్వే చెప్పు" అన్నారు. బొమ్మ మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. రంగుల సంగతి మాట్లాడి పెట్టేశారు. ఆపైన వచ్చిన ఫోన్లన్నీ అంతే.

మళ్ళీ ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. సారు ఒకనాడు నన్ను పేరు పెట్టి పిలిచి, "ఏమన్న కొత్త ఆలోచన ఉన్నదామ్మా?" అని అడిగారు.

చాలాసేపు వెతుక్కున్నాను.

"లేదు సార్" అన్నాను. నిజంగానే లేదు.